మెల్లకన్ను మొక్కుబడి

నేను ఒక జత కళ్ళను. మనిషి ముఖంలో ఉండే కళ్ళను కాను, రాళ్ళగుట్ట ఎల్లమ్మకు మొక్కుబడిగా ఇచ్చే కళ్ళను. అంగట్లో వెండి కళ్ళు అని అమ్ముతారు గానీ, నా ఒంట్లో వెండి ఎంతుందో నాకూ నన్ను చేసినవాడికీ తెలుసు. పలచటి రేకు, దానిమీద కాస్త పూత. రెండు కళ్ళనూ కలుపుతూ మధ్యలో సన్నటి పట్టీ. రెప్పల్లేవు. నా బాధంతా అక్కడే ఉంది. చూడలేనిది ఎదురైతే మీరు కళ్ళు మూసుకుంటారు. నాకు ఆ వీల్లేదు గనుక, గుడికొచ్చే జనాన్ని ఇన్నేళ్ళుగా గుడ్లప్పగించి చూస్తూనే ఉన్నాను. చూసినకొద్దీ నాకు ఒళ్ళు మండింది. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, తరువాత భక్తిరసం దొరకలేదని నన్ను తిట్టుకోకుండా ఉంటారు.

గుట్ట కింది ఊళ్ళో అవుసుల మనోహరాచారి అనే ఆయన నన్ను చేశాడు. కాళ్ళ నొప్పులవాళ్ళకు కాళ్ళు, చేతులు విరిగినవాళ్ళకు చేతులు, పిల్లలు లేనివాళ్ళకు ఉయ్యాలలు, కంటి జబ్బులవాళ్ళకు మేము. ఇనుప అచ్చు మీద రేకు పరిచి సుత్తితో ఒక్కటి వేస్తే కళ్ళు పుడతాయి. నేను పుట్టిన పొద్దున మనోహరాచారి తన తమ్ముడితో గోడ జాగా గురించి పోట్లాడుతున్నాడు. వాకిట్లో నిలబడి తమ్ముడు ఏదో అన్నాడు, ఈయన తలెత్తి బూతు తిట్టాడు, సుత్తి మాత్రం ఆగలేదు. రేకు జరిగింది. నా ఎడమ కంటి నల్లగుడ్డు నడిమధ్యన పడాల్సింది ముక్కు దిక్కుకు పోయి పడింది. అలా అన్నదమ్ముల కొట్లాటలో నేను మెల్లకన్నుతో పుట్టాను. మనోహరాచారి నన్ను ఎత్తి చూసి, "తూ, మెల్లది" అని, పారేయకుండా కుప్పలోకే విసిరాడు. భక్తులు ఎలాగూ చూడరని ఆయనకు తెలుసు.

కుప్పతో పాటు నేను శంకరవ్వ అంగడికి చేరాను. మెట్ల మొదట్లో నీడకు తాడిపత్రి పట్టా కట్టుకుని కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ, గాజులు, మొక్కుబడి సామాన్లు అమ్మే మనిషి. నోరు మంచిది కాదు. నన్ను చూడగానే మొహం చిట్లించి, దండలో అందరికంటే లోపల గుచ్చింది. అయినా మొదటి మంగళవారమే అమ్ముడుపోయాను. కొన్నవాడు నన్ను చూడనే లేదు. కొనేటప్పుడు అతని చూపంతా వరుసలో తన ముందుకు ఎవడు దూరుతున్నాడా అన్నదాని మీదే ఉంది.

ఆ గుడి చాలా పాతది. ఏ రాజులు కట్టించారో తెలియదు గానీ, నల్లరాతి స్తంభాల మీద ఏనుగులు చెక్కించారు, తొండాలు మాత్రం ఇప్పుడు లేవు. లోపలున్న అమ్మ ఆ గుడికంటే పాతది. ముఖం చెక్కని నిలువు రాయి. ఒంటినిండా తరతరాల పసుపు. ఆ రాయి ముందు బైండ్ల ఎలిశయ్య కూర్చుంటాడు. ఆయన తాతలనాటి నుంచి ఆ గుడి పూజ వాళ్ళదే. నన్ను కొన్నవాడు నన్ను తన రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. వాడి చెమట, వాడి కన్నీళ్ళు, వాడి కంటి పుసి నాకు అంటుకున్నాయి. ఎలిశయ్య నన్ను అందుకుని అమ్మ పాదాల దగ్గర తాకించి పక్కనున్న గంపలో వేశాడు.

నా ప్రయాణం అక్కడితో అయిపోయిందనుకున్నాను. సాయంత్రం ఆ గంప మీద పసుపుబట్ట కప్పుకుని వెనక తలుపులోంచి, వంటల కొట్టం పక్క నుంచి, శంకరవ్వ అంగడికి దిగింది. ఆమె మమ్మల్ని చింతపండుతో తోమి, ఆరబెట్టి, మర్నాడు మళ్ళీ దండకు గుచ్చింది. ఎలిశయ్యకూ ఆమెకూ మధ్య ఒప్పందం ఏమిటో నేను పట్టించుకోలేదు. పైకి ఒకరి చేతిలో పోవటం, కిందికి గంపలో రావటం, ఇదే నా బతుకైంది. రాళ్ళగుట్ట ఎల్లమ్మను నేను దర్శించుకున్నన్నిసార్లు ఏ భక్తుడూ దర్శించుకుని ఉండడు. ఆ పుణ్యం ఎక్కడైనా జమ అవుతుంటే నాకు ఈపాటికి స్వర్గం దొరకాలి.

ఎవరెవరి చేతుల్లో పడ్డానో చెబితే మీకు మీ బంధువులు గుర్తొస్తారు. ఒక లారీ డ్రైవరు కళ్ళ పరీక్షలో గట్టెక్కించమని మొక్కాడు, లారీని మాత్రం రోడ్డు కనబడనట్టే తోలుతాడని అతని భార్యే పక్కావిడతో చెబుతోంది. ఒక పెళ్ళికూతురి తల్లి, పెళ్ళిచూపుల దాకా పిల్లకు అద్దాలు లేకుండా కనబడితే చాలు, తరువాత నీ ఇష్టం అంది. ఒకామె నన్ను కళ్ళకు అద్దుకుని, ఎదురింటిదాని కళ్ళు పోవాలని కోరుకుంది, ఎదురింటామె వరుసలో ఆమె వెనకే నిలబడి ఉంది. ఆమె చేతిలోనూ ఒక జత ఉంది. గుట్ట ఎక్కేటప్పుడు అందరి నోటా అమ్మ పేరే, లోపలికి వచ్చాక మోచేతులతో ముసలివాళ్ళ పక్కటెముకలు పొడుస్తారు. బోనం ఎత్తుకున్న ఆడమనిషి కాలు తొక్కి, ఆమే అడ్డం వచ్చిందని అరుస్తారు. అమ్మకు కళ్ళు చెక్కనివాళ్ళు తెలివైనవాళ్ళని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇంతలో బాలనర్సవ్వ వచ్చింది.

బీడీలు చుట్టుకుని బతికే మనిషి. మొగుడు పోయాడు, కొడుకు ఊళ్ళు పట్టుకుని తిరిగే పనిలో ఉన్నాడు, ఇంట్లో కోడలు జమున. ఆ ఏడు జాతరకు అత్తాకోడళ్ళు ఇద్దరూ వచ్చారు, దారంతా ఒకరిమీద ఒకరు విసుక్కుంటూనే. బాలనర్సవ్వ నన్ను కొన్నప్పుడు మిగతావాళ్ళలా కొంగులో పడేసుకోలేదు. ఆమెకు కుడి కంట్లో చూపు లేదు. ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. అప్పటికీ తృప్తి లేక బొటనవేలితో నన్నంతా తడిమింది. ఆకు సరిగ్గా కత్తిరించామా లేదా అని బీడీ ఆకును తడిమే వేలు అది, గరుకుగా ఉంది. వేలు ఎడమ గుడ్డు దగ్గర ఆగింది.

"ఇది మెల్లకన్నున్నది" అంది.

"సూసేది నువ్వా, అమ్మనా?" అంది శంకరవ్వ. "జరుగు, ఎనుకున్నోళ్ళు గొనాలె."

బాలనర్సవ్వ "పోనీ తీ. నా కండ్లు మాత్రం సక్కగున్నయా" అని నన్నే తీసుకుంది. ఎవరైనా నన్ను చూసి తీసుకోవటం అదే మొదటిసారి. నాకేమీ సంతోషం కలగలేదు, చిన్న ఆశ్చర్యం కలిగింది.

రాయి ముందు ఆమె అడిగింది ఎక్కువేమీ కాదు. "తల్లీ, కుడిది పోయింది. నరం ఎండిపోయిందన్నడు డాక్టరు. పోయినదాన్ని నేనడుగుత లేను. ఎడమది జరంత ఉన్నది, గది ఉంచు. మందు ఏస్తనే ఉన్న. నా బుక్క నేను సంపాయించుకొని తినాలె, ఒకల చెయ్యి మీదికి రావొద్దు." వెనక నిలబడ్డ జమున ఆ మాట విని మొహం పక్కకు తిప్పుకుంది. ఎలిశయ్య నన్ను గంపలో వేశాడు. సాయంత్రానికి నేను మళ్ళీ చింతపండు నీళ్ళలో ఉన్నాను.

ఆ ఏడాదంతా నేను ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను. మరుసటి జాతర మొదటి పొద్దున మళ్ళీ ఆ గరుకు వేలు నన్ను తాకింది.

ఆమె ఎడమ కన్ను కూడా మసకబారిందని చూడగానే తెలిసింది. శంకరవ్వ చేతిలోని కుంకుమ పొట్లం కోసం చెయ్యి చాచి గాలిని పట్టుకుంటోంది. బీడీల కార్ఖానాలో ఆమె కట్టలు సగం పక్కకు పడేస్తున్నారని జమున అంగట్లో ఎవరితోనో చెబుతోంది. శంకరవ్వ రద్దీలో చూసుకోకుండా దండలోంచి నన్నే లాగి ఇచ్చింది. బాలనర్సవ్వ నన్ను తడిమింది. కుడి గుడ్డు, పట్టీ, ఎడమ గుడ్డు. వేలు అక్కడే ఆగిపోయింది.

"శంకరవ్వా, ఇవి పోయినేడు నేనిచ్చిన కండ్లు."

"నీకు యాది మతి లేనట్టున్నది. నిన్ననే వచ్చిన కొత్త మాల్ ఇది."

"ఎడమ కన్ను ముక్కు దిక్కు సూస్తున్నది. నేను తడిమి తడిమి ఇచ్చిన."

శంకరవ్వకు కోపం ముక్కుమీదికి వచ్చింది. "సూపు సరిగ లేనిదానివి, నీకు నా సామాన్ల మెల్లకన్ను కనవడ్డదా? పొద్దుగాల పొద్దుగాల నా గిరాకి మీద మన్ను వొయ్యకు."

ఆ మాట ఎవరినైనా నేలకు దించేదే. బాలనర్సవ్వ అరవలేదు. నన్ను పిడికిట్లో బిగించింది. "నేను గదే అడుగుతున్న. ఏడాది పొడుగు మందేసిన, మొక్కిన, అయినా సూపు పోతనే ఉన్నది. ఎందుకు పోతున్నదో ఇయ్యాల ఎర్కయింది. నేనిచ్చింది అమ్మకు ముట్టనే లేదు."

"అత్తా, ఊకో" అంది జమున. "అందరు సూస్తున్నరు. ఇంకో జత గొందాం."

"ఇంకోటి గూడ గిట్లనే మెట్లు దిగి వస్తది."

వెనకనుంచి జనం అరిచారు. న్యాయమేమిటో తెలుసుకుందామని ఒక్కడూ అడగలేదు, వరుస ఆగిపోయిందని అరిచారు. ఒకాయన ముసలిదాన్ని పక్కకు లాగండి అన్నాడు. బాలనర్సవ్వ వాళ్ళ తిట్లు వింటూనే, కోడలి చెయ్యి విదిలించుకుని, స్తంభాలు పట్టుకుంటూ మెట్లెక్కింది. నేను ఆమె పిడికిట్లో ఉన్నాను. నాలుగు వేళ్ళ సందులోంచి నాకు కనబడుతున్నదల్లా ఎదురొచ్చే మోచేతులే. వాటిలో ఒక్కటీ తప్పుకోలేదు.

జాతర మొదటి రోజు గుడిలో ఒక ఆచారం ఉంది. దాన్ని కండ్లు నిలుపుడు అంటారు. ఏడాదంతా కళ్ళు లేని రాయికి ఆ పొద్దున కడిగి, కొత్త పసుపు పట్టించి, లక్క కరిగించి, పెద్ద వెండి కళ్ళు అంటిస్తారు. అవి ఒక రైస్‌మిల్లు యజమాని ఇచ్చినవి, నిజమైన వెండి, గుడి కమిటీ చైర్మన్ దగ్గర తాళంలో ఉంటాయి. నిలిపిన కళ్ళను జాతర నడుమ తీయకూడదు. తీస్తే అమ్మ కళ్ళు పీకినట్టే, పీకినవాడి కళ్ళు పోతాయంటారు. ఆ రోజు ఎలిశయ్య లక్క కరిగించి రాయికి పట్టించి, గట్టిపడకుండా మళ్ళీ మళ్ళీ వేడి లక్క పూస్తూ కూర్చున్నాడు. చైర్మన్ కారు ట్రాక్టర్ల మధ్య చిక్కుకుంది. మైకులో ఆయనకు దారి ఇవ్వమని బతిమాలుతున్నారు. ఎవరూ ఇవ్వటం లేదు.

బాలనర్సవ్వ గర్భగుడి గడప మీద చెయ్యి వేసి నిలబడింది. "ఎలిశయ్యా, నేను పోయినేడిచ్చిన కండ్లు అంగట్లకెట్ల వొయినయి?"

ఆయన తడుముకోలేదు. ఎన్నాళ్ళ నుంచో ఆ జవాబు సిద్ధం చేసుకున్నవాడిలా చెప్పాడు. "అమ్మ పాదాల కాడ వెట్టినంక అవి అమ్మయి. అమ్మ మళ్ళ ఎవలకన్న ఇస్తది."

"అమ్మ ఇచ్చిందా, నువ్విచ్చినవా?"

ఎలిశయ్య గంపను కాలితో వెనక్కి నెట్టాడు. అదొక్కటే ఆయన చేసిన పని. ఆమెకు అది కనబడలేదు గానీ, గంప రాతిమీద గీరిన చప్పుడు వినబడింది. ఆమె ఆయనను వదిలేసి రాయి వైపు తిరిగింది.

"ఎల్లమ్మా, నీ ముంగటికెల్లి వచ్చిన సొమ్ము నీ ఎనుకకెల్లి పోతుంటె సూడలేకపోతివి. నీకే కండ్లు లేవు, నాకేం సూపు ఇస్తవు? ముందుగాల నువ్వు సూడు."

అంటూనే గడప దాటి ముందుకు ఒరిగి నన్ను తీసుకెళ్ళి రాయి మీద అదిమింది. వేలితో వెతికింది, వేడి లక్క తగిలింది, చుర్రుమన్నా తీయలేదు. అరచేతి బలమంతా పెట్టి నొక్కింది. ఎలిశయ్య లేచి ఆమె భుజం పట్టుకుని లాగేసరికి లక్క గట్టిపడిపోయింది. నాకు ముందుగా తెలిసింది వేడి, ఆ తరువాత కదలిక లేకపోవటం. అన్నాళ్ళ ఎక్కటం, దిగటం అక్కడితో ఆగాయి.

జనం మెడలు చాచి రాయి వైపు చూశారు. తరువాత ఎవరో, "అమ్మ గుస్స మీదున్నది" అన్నారు. అంతే, వరుస వరుసంతా పసుపు ముఖం మీద నా వంకర చూపును చూసి వణికిపోయింది. అమ్మ ఒక కన్ను ఎదురుగా, ఒక కన్ను పక్కకు. ఎదురుగా ఉన్నవాడు పక్కవాణ్ణి చూస్తోందనుకున్నాడు. పక్కనున్నవాడు తననే చూస్తోందనుకున్నాడు. ఒక పెద్దమనిషి, తాను మొక్కింది పొట్టేలును, తెచ్చింది బక్క మేకను అని అందరి ముందూ ఒప్పేసుకున్నాడు. ఇద్దరు బావమరుదులు నిన్ను చూస్తోందంటే నిన్ను చూస్తోందని కాలర్లు పట్టుకున్నారు. బాలనర్సవ్వను ఎలిశయ్య బూతులు తిడుతూ గడప దాటించాడు. శంకరవ్వ కిందినుంచి వచ్చి రెండు చేతులా మన్ను ఎత్తి ఆమె మీద పోస్తూ శాపనార్థాలు పెట్టింది. జమున అత్తను లాక్కుపోయింది. వెళ్ళేటప్పుడు బాలనర్సవ్వ అరచెయ్యి లక్కతో కాలి, ఎర్రగా కమిలి ఉంది.

చైర్మన్ చెమటలు కక్కుతూ పెద్ద కళ్ళ పెట్టెతో వచ్చాడు. నన్ను చూసి, "గిదేంది? తీసెయ్" అన్నాడు.

"నిలిపినయి" అన్నాడు ఎలిశయ్య. "మీరే పీకుండ్రి సారూ."

చైర్మన్ చెయ్యి సగం దాకా వచ్చింది. నేను ఎటో చూస్తున్నాను, ఆయన మాత్రం తనకేసే చూస్తున్నాననుకున్నాడు. చెయ్యి జేబులోకి పోయింది. జాతర అయ్యాక నన్ను తీయటానికి అమ్మను సెలవు అడిగారు. రాయి నెత్తిన పువ్వు పెడతారు. కుడి దిక్కుకు పడితే సెలవిచ్చినట్టు. ఎడమ దిక్కుకు పడింది. కుడి పక్కన పెద్ద ఫ్యాను తిరుగుతోంది, దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. మరుసటి ఏడూ అంతే. రైస్‌మిల్లు కళ్ళు తాళంలోనే ఉండిపోయాయి, నేను అమ్మ కళ్ళనైపోయాను. నన్ను ఇక్కడ అంటించింది ఎవరో కూడా జనం మరిచిపోయారు. రాళ్ళగుట్ట ఎల్లమ్మకు మొదటి నుంచీ మెల్లచూపేనని కొత్తగా వచ్చేవాళ్ళకు చెబుతున్నారు. ఇప్పుడు శంకరవ్వ అంగట్లో చక్కటి కళ్ళు అడిగేవాడు లేడు. అందరికీ అమ్మలాంటి మెల్లకళ్ళే కావాలి. మనోహరాచారి ఏ కొట్లాటా లేకుండా, నిదానంగా, రేకు పక్కకు జరిపి సుత్తి వేస్తున్నాడు. సాయంత్రాలు గంప అదే దారిన దిగుతోంది.

కొన్ని జాతరల తరువాత బాలనర్సవ్వ వచ్చింది. రెండు కళ్ళూ పోయాయి. జమున ఆమె చెయ్యి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ తెచ్చింది. ఇప్పుడు బీడీలు జమున చుడుతుంది, అత్త దారం కడుతుంది. ఏదైతే రావొద్దని ఆమె మొక్కుకుందో అదే వచ్చింది.

"సూపియ్యని దేవత కాడికి మళ్ళెందుకత్తా? ఇంటికాడ వండుకున్నమా తిన్నమా" అని జమున సణుగుతోంది.

"సూపు కోసం రాలే. నేనిచ్చింది ఉన్నదో పోయిందో సూసి పోతా."

వెనకనుంచి మామూలుగానే తోస్తున్నారు. ఎలిశయ్య ఆమెను గుర్తుపట్టాడు. మొహం గంటుపెట్టుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ తిడతాడనుకున్నాను. ఆమె కళ్ళవైపు చూశాడు, ఆమె అరచేతిలో పాత మచ్చవైపు చూశాడు. తోసేవాళ్ళ మీద కసురుకుని, "చెయ్యి ఇటియ్యి" అని ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎవరూ ముట్టకూడని ముఖం మీదికి ఆ చేతిని తీసుకొచ్చి పెట్టాడు. గంప సంగతి ఆయన ఎన్నడూ మాట్లాడలేదు, అప్పుడూ మాట్లాడలేదు.

ఆ బొటనవేలు నన్ను తడిమింది. అదే గరుకు. కుడి గుడ్డు, పట్టీ, ఎడమ గుడ్డు. ముక్కు దిక్కుకు జరిగిన నల్లగుడ్డు మీదికి వచ్చి నిలిచింది. రెప్పల్లేని నేను ఆ వేలినే రెప్పగా చేసుకుని ఆ కాసేపు ఒక కన్ను మూసుకున్నాను. నేను పుట్టాక అదే మొదటిసారి.

"ఉన్నవు" అంది బాలనర్సవ్వ. "ఉన్నవు తీ." మరేమీ అడగలేదు. "పా, పోదాం" అని కోడలి చెయ్యి వెతుక్కుంది.

నేను ఆమెకు చూపు ఇవ్వలేదు. ఎవరికీ ఇవ్వలేదు, నా దగ్గర లేదు. మనుషులంటే నాకున్న మంట కూడా చల్లారలేదు. కానీ ఆమె తడుముకుంటూ తొండాల్లేని ఏనుగుల స్తంభాలు దాటేదాకా, నాకున్న రెండు కళ్ళతోనూ ఆమెనే చూశాను. పక్క వరుసలో ఉన్న ఒకాయన తననే చూస్తున్నాననుకుని గబగబా లెంపలేసుకున్నాడు.